నేలనెవరడిగారు?

సాయిల్ రిపోర్టులు రాసే మహానుభావులందరికీ ముందుగా వందనాలు. భూమిలో ముప్పై మీటర్ల లోతున ఏముందో పది మీటర్ల బోరుతోనే పసిగట్టే దివ్యదృష్టి వారిది. మిగతా ఇరవై మీటర్ల సంగతేమిటని అడక్కండి. ‘రిఫ్యూజల్’ (ఇక గొట్టం దిగదు) అని ఒక్క మాట రాస్తే భూదేవి నోరు మూసుకుంటుంది.

వారు తేల్చాల్సింది చిన్న సంగతే. భూకంపంలో భవనాన్ని పక్కలకు ఊపేది షియర్ తరంగం. గట్టి రాతిలో అది సెకనుకు 1500 మీటర్లకు పైగా పరుగెడుతుంది. మెత్తని బంకమట్టిలో 180 మీటర్ల కిందికి దిగజారుతుంది. వేగం తగ్గినచోట ఊపు పెరుగుతుంది. అందుకే పైనున్న 30 మీటర్లలో దాని సగటు వేగాన్ని చూసి స్థలానికి ‘ఎ’ నుంచి ‘ఇ’ దాకా తరగతి కట్టడం అమెరికాలో మొదలైంది. కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. నేల మీద వరసగా కంపనాలు పసిగట్టే 24 జియోఫోన్లు గుచ్చి, ఇనుప పలక మీద సమ్మెటతో కొడితే తరంగాల నడక ల్యాప్‌టాప్‌లో నమోదవుతుంది. దాన్నిబట్టి ఏ పొరలో ఎంత వేగమో లెక్కతేలుతుంది. చిన్న స్థలానికైతే ఒక పూట పని.

అంత శ్రమ ఎందుకు? సూత్రం ఉందిగా! 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, బోరులోని గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడితే ‘ఎన్’ విలువ వస్తుంది. పరిశోధకులు ఇమాయ్, టోనోచి 1982లో జపాన్ నేలల కొలతలు ముందేసుకుని, ఆ ఎన్‌ను 0.314 ఘాతానికి తీసుకెళ్లి 97తో గుణిస్తే సుమారుగా వేగం వస్తుందన్నారు. ఆ సూత్రం సముద్రం దాటి వస్తుంటే ‘సుమారుగా’ అన్న మాట నీళ్లలో పడిపోయింది. ఇప్పుడు ఎన్ 15 అయితే వేగం 227.02 మీటర్లు! దెబ్బలు లెక్కపెట్టే కుర్రాడు మధ్యలో టీకి వెళ్లొచ్చినా చుక్క తర్వాతి ఆ రెండంకెలు చెక్కుచెదరవు.

సగటు కట్టడంలోనూ కళ ఉంది. పైన పది మీటర్లు 180 వేగం, కింద ఇరవై మీటర్లు 600 వేగం అనుకోండి. తరంగం ప్రయాణించే సమయాన్ని బట్టి లెక్కిస్తే సగటు 338. అంటే ‘డి’ తరగతి. మామూలు సగటు కడితే 460, ‘సి’ తరగతి. ఒక్క పార మట్టి తీయకుండా, ఒక్క బస్తా సిమెంటు పోయకుండా నేలను గట్టిపరిచే ఈ విద్యకు పేటెంటు తీసుకోకపోవడం వారి నిరాడంబరత.

పరిశోధకులు వాల్డ్, అలెన్ 2007లో ఇంకో దారి చూపారు. కొలతలే లేని ప్రాంతాలకు భూమి వాలును బట్టి వేగం అంచనా వేయవచ్చన్నారు. ఆకాశం నుంచి చూసే ఆ పద్ధతైనా బల్లపరుపు డెల్టా నేల మెత్తనిదని ఒప్పుకుంటుంది. మన రిపోర్టుకు ఆపాటి నోరు కూడా రాదు.

మన భూకంప కోడు మాత్రం తక్కువ తిన్నదా? ఐఎస్ 1893, 2016 ప్రతి ప్రకారం ఊపు కాలం 0.4 సెకన్ల లోపున్న పొట్టి భవనం బండ మీదున్నా బురద మీదున్నా భూకంప బలం లెక్కకు గుణకం ఒక్కటే: 2.5. దేశంలో సామ్యవాదం ఇంకా ఎక్కడైనా బతికుందంటే అక్కడే.

నేలకు మాత్రం ఆ సమతాభావం లేదు. 1985 సెప్టెంబరు 19న భూకంపం పుట్టింది పసిఫిక్ తీరంలో. కూలింది 350 కిలోమీటర్ల అవతల మెక్సికో నగరంలో, పాత చెరువు బంకమట్టి మీద లేచిన భవనాలు. 2001 జనవరి 26న కచ్‌లో భూమి కదిలితే 200 కిలోమీటర్లకు పైగా దూరాన అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు నేలమట్టమయ్యాయి. కార్ల కోసం కింద గోడల్లేకుండా వదిలిన స్తంభాల పాపమూ ఉంది, సబర్మతి ఒండ్రు పాత్రా ఉంది.

మరి ఆ 2016 కోడు మూడో భూకంప జోన్‌లో పెట్టిన విజయవాడ? 200 వేగమున్న ఒండ్రు 30 మీటర్ల మందాన ఉంటే అది ఊగే కాలం 0.6 సెకన్లు. ఆరంతస్తుల భవనం ఊగే కాలం కూడా దాదాపు అంతే. నేలా భవనమూ ఒకే తాళానికి ఊగితే ఆ కచేరీ చూడటానికి ఎవరు మిగులుతారు?

ఈశాన్యం అడుగు పెరగాలని గోడ జరిపించే యజమాని, నేల కొలత ఖర్చనగానే జేబు తడుముకుంటాడు. పోనీ, వాస్తు సిద్ధాంతి స్వయంగా వచ్చి స్థలంలో నిలబడతాడు. రిపోర్టు రాసినాయన ఆపాటి కష్టమైనా పడ్డాడా? ఫ్లాటు కొనేవాళ్లు ‘తరంగాల రికార్డు ఏదీ?’ అని ఒక్కసారి అడిగి చూడండి. మొహాల్లో కనిపించే ప్రకంపనలు కొలవడానికి ఏ జియోఫోనూ అక్కర్లేదు.

రిపోర్టు మునిసిపాలిటీకి చేరింది, బ్యాంకుకు చేరింది, అందరూ తృప్తిపడ్డారు. ఒక కాపీ భూకంపానికీ పంపండి. అదొక్కటే ఇంకా చదవలేదు.