వంటింటికి తలుపు వద్దట!

మా రోజుల్లో సింగపూర్‌లో సర్కారు గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ వాళ్లు కట్టి ఇచ్చిందే ఇల్లు. తాళాలు చేతికొచ్చాక గోడలకు రంగు వేయించి, వంటింట్లో గట్టు కట్టించుకుని, మంచిరోజు చూసి పాలు పొంగించేవాళ్లం. హాల్లో పగలు పిల్లల చదువులు, రాత్రి చాపలు. ఊరినుంచి ఎవరొచ్చినా చోటు లేదన్న మాట వినపడేది కాదు.

ఇప్పుడు బుక్ చేసుకున్నాక హెచ్‌డీబీ కట్టిచ్చే బీటీఓ ఫ్లాట్ తాళాలు రాకముందే ఇంటీరియర్ డిజైనర్ దిగుతున్నాడు. మీ లైఫ్‌స్టైల్ ఏమిటంటాడు. సినిమాలు చూస్తారా, ఇంటినుంచే పనిచేస్తారా, అన్నీ రాసుకుంటాడు. రోజూ పోపు పెడతారా, అమ్మానాన్నలు వస్తే ఎన్నాళ్లుంటారు, వాళ్ల మోకాళ్లెలా ఉన్నాయి? ఈ ఊసే ఎత్తడు.

అన్నిటికన్నా నా బాధ వంటింటి గురించి. బరువు మోసే గోడ జోలికి హెచ్‌డీబీ పోనివ్వదు గానీ, మిగతావాటికి అనుమతి తెచ్చుకుని కొట్టేస్తున్నారు. ఓపెన్ కిచెన్ అట! ఎండుమిర్చి వేగితే హాల్లో అందరికీ దగ్గే. వాసన సోఫాకి పడుతుందని చేపల పులుసు ఇంట్లో వండటమే మానేశారు కొందరు. మన తిండిని బట్టి ఇల్లు ఉండాలి గానీ, ఇంటికోసం తిండి మానుకోవడమేమిటి?

దేవుడి గది సంగతీ అంతే. 1998 నుంచి కొత్త ఇళ్లకు బాంబు దాడులప్పుడు తలదాచుకునే షెల్టర్ తప్పనిసరి చేశారు. ఇనప తలుపున్న ఆ ఇరుకు గదిలో దేవుణ్ణి పెడుతున్నారు. నాకు మనసొప్పదు.

ఇక పడకగదిలో మంచానికి బదులు ఎత్తైన చెక్క అరుగు, దానికింద సొరుగులు. అర్ధరాత్రి లేచిన ముసలివాళ్లు ఆ మెట్టు ఎలా దిగుతారు? ఈ సంగతి సర్కారుకే బాగా తెలిసింది. 2012 నుంచి ఈజ్ పథకం కింద వృద్ధుల ఫ్లాట్లలో పట్టుకునే కడ్డీలు పెట్టిస్తోంది. 2013లో మూడు తరాలవాళ్లు కలిసి ఉండటానికి త్రీజెన్ ఫ్లాట్లు తెచ్చింది. 2024 అక్టోబర్‌లో కల్లాంగ్ దగ్గర క్రాఫర్డ్ హైట్స్‌లో లోపలి గోడలే లేని ఫ్లాట్లు కూడా అమ్మకానికి పెట్టారు. గోడ ఎక్కడ రావాలో మనమే చెప్పుకునే వీలున్నప్పుడు, బాత్‌రూమ్ పక్కన పెద్దవాళ్లకో గది ముందు గీయించుకోవద్దూ!

మా అబ్బాయి కొత్త ఫ్లాట్ ప్లాన్ చూపిస్తే పెన్సిల్ తీసుకుని వంటింటికి గాజు తలుపు, బాత్‌రూమ్‌లో కడ్డీ గీశాను. కడ్డీకి కోడలు వెంటనే సరేనంది. తలుపు గురించి ఇంకా వాదిస్తూనే ఉన్నాను.