నోరు కడుక్కుని చెబుతున్నాను

నేను మట్టి తింటాను గానీ మింగను. జానెడు లోతుకు దిగి, నోటినిండా పట్టుకుని పైకొచ్చి, ప్లాస్టిక్ బకెట్లో కక్కేస్తాను. పైన అడ్డంగా పిడి, మధ్యన కడ్డీ, కింద మెలికలు తిరిగిన నోరు. పేరు ఆగర్. పొలాల్లో మాత్రం నన్ను చూసి ‘చేతి బోరు’ అని నవ్వుతారు.

పుట్టింది బాలానగర్‌లో, ఒక చిన్న వర్క్‌షాపులో. చేసినాయన జింకు పూత వేసి మెరిపిస్తానన్నాడు. నన్ను చేయించుకున్న పరిశోధక విద్యార్థిని ఒప్పుకోలేదు. “పూత రాలితే ఆ జింకు రైతు పొలం ఖాతాలో పడుతుందన్నా” అంది. అందుకే ఏ పూతా లేని స్టెయిన్‌లెస్ స్టీలునయ్యాను.

మా కులవృత్తికి ఈ ప్రాంతంలో పెద్దబడి పటాన్‌చెరు. అక్కడి ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగులో పడి పొలాలు పాడయ్యాయన్న గోడు 1990లో సుప్రీంకోర్టు గడప తొక్కింది. అక్కడి మట్టిలో క్రోమియం, ఆర్సెనిక్, జింకు వంటివి మామూలుకు మించి ఉన్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించారు.

నా మొదటి పని మేడ్చల్, శామీర్‌పేట మధ్య ఒక ఊళ్లో. వాగు పక్క మడిలో పాలకూర అంచులు మాడుతున్నాయని రైతులు చెప్పారు. గెట్టు మీద, చెట్టు కింద, పెంటకుప్ప దగ్గర వదిలేసి, వాగు ఎగువనా దిగువనా దిగాను. ప్రతిచోటా రెండు లోతులు: పై 15 సెంటీమీటర్లు ఒక సంచి, ఆ కింది 15 మరో సంచి. ఇక్కడి చెలక నేలలు గ్రానైటు రాయి అరిగి పుట్టినవి. కొంత సీసం, జింకు వాటికి పుట్టుకతోనే ఉంటాయి. పైనా కిందా సమానమైతే అది రాతి సొత్తు కావచ్చు. పైన మాత్రమే పోగుబడితే బయటినుంచి వచ్చిందేమోనని అనుమానించాలి.

గుంట గుంటకూ ఆ అమ్మాయి నన్ను బ్రష్‌తో రుద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగేది. కిలో మట్టిలో మిల్లీగ్రాములు లెక్కపెట్టే యంత్రం ముందు నా పళ్లలో ఇరుక్కున్న చిటికెడు మన్ను కూడా దొంగసాక్ష్యమే.

చెడిందని చెప్పాలంటే చెడనిదొకటి పక్కన పెట్టాలి. అలాంటి పొలం కోసం అడిగితే ఒక ముసలి రైతు ముందుకొచ్చాడు. “గీడ కంపెనీ లేదు, వాగు రాదు. మా తాతలనాటి మట్టి బిడ్డా, బంగారం.”

లెక్కలొచ్చాయి. వాగు పక్కన పైపొరలో జింకు ఎక్కువ. వాగుకు దూరమయ్యే కొద్దీ తగ్గింది. ఎవరు వదిలారో నేను చెప్పలేను. ఎంతదూరం పాకిందో చెప్పగలను. తెల్లబోయింది ముసలాయన బంగారాన్ని చూసి. అందులో రాగి పోగుబడి ఉంది.

అమ్మాయి మళ్లీ ఆయన దగ్గరికెళ్లింది. “తాతా, ఇక్కడ మునుపు ఏం వేసేవాళ్లు?”

ఆయన ముఖం వెలిగింది. “అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష! పందిరి కింద నిలబడితే ఎండ కానరాకపోయేది. లారీలు గెట్టు దాకా వచ్చేటియి.”

“బూజు తెగులొస్తే?”

“మైలుతుత్తం, సున్నం కలిపి కొడుతుంటిమి. ఆకులన్నీ నీలం అయ్యేటియి.”

అదే బోర్డో మిశ్రమం. వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. మైలుతుత్తంలో ఉండేది రాగి. రాగి కుళ్లదు, ఆవిరవదు, వానకు అంత తేలిగ్గా కొట్టుకుపోదు. పందిళ్లు పీకేసినా వాటి నీలం నేలలోనే ఉండిపోయింది. అమ్మాయి విడమరచి చెప్పింది. ఆయన చాలాసేపు మడిలోకి చూశాడు.

“అయితే నేను గూడ పోసిన్నన్నట్టు.”

ఆమె మాట్లాడలేదు. ఆయనే కండువా దులిపి లేచాడు. “రా బిడ్డా. గుట్ట కింద కంచె ఉంది. నాగలి తగలని జాగ.” ముందు నడిచి చోటు చూపించాడు. బండల సందున నేను తీసిన ఆ ఎర్రమట్టే మిగతా సంచులన్నిటికీ కొలబద్ద అయింది.

ఏడాది తిరిగాక మళ్లీ కొలుద్దామని వెళ్లాం. గుట్ట కింద రంగు రాళ్లు పాతి ఉన్నాయి. వెంచర్ బోర్డు నిలబడింది. కంచె ఉన్నచోట రోడ్డు. అయినా అమ్మాయి నన్ను దింపింది. పళ్లు కరకరలాడాయి. పైకి తెచ్చింది ఎక్కడినుంచో లారీల్లో తోలిన మొరం.

ఆమె సంచి మీద సర్వే నంబరు రాయబోయి ఆగింది. అది ఏ పొలం ఖాతాలో రాయాలి? మొరాన్ని గుంటలోనే పోసి, నన్ను మాత్రం ఎప్పటిలాగే కడిగింది.