కప్పు ఎగిరిపోతేనే వారసత్వమా?

స్కాట్లండ్ చూడాలన్న సరదా పోర్ట్ బ్లెయిర్‌లోనే (2024 నుంచి శ్రీ విజయపురం అనాలి) చాలావరకు తీరిపోతుంది. ఆ దేశపు నగరం పేరే ఉన్న అబర్డీన్ బజారు పక్క జెట్టీలో పడవెక్కితే చాలు, కాసేపట్లో రాస్ దీవి. 2018లో దానికి నేతాజీ పేరు పెట్టారు. వంద ఎకరాలైనా లేని ఆ నేల మీద 1858 నుంచి 1941 భూకంపం దాకా తెల్లదొరలు దర్బారు నడిపారు. స్కాట్లండ్‌లో బలమైన ప్రెస్బిటేరియన్ శాఖకు అక్కడ ఒక చర్చి ఉంది. దానికి కప్పు లేదు, గోడలను చెట్ల వేళ్ళు బిగించి పట్టుకున్నాయి. అయినా జనం డబ్బు కట్టి మరీ చూస్తారు, రాత్రి దీపాల వెలుగులో కథ కూడా వింటారు. పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్న జంగ్లీఘాట్ చేపల రేవులో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకారులు తెలుగులోనే బేరాలాడుతుంటే మాత్రం అదే జనం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దాటిపోతారు. వారసత్వం అనిపించుకోవడానికి మనం పెట్టిన మొదటి అర్హత, అక్కడ మనుషులు మిగలకపోవడమేనని నా అనుమానం.

స్కాట్లండ్ కూడా దీనికి సాక్ష్యం చెబుతుంది. సెయింట్ కిల్డా దీవుల్లో చివరికి మిగిలిన 36 మందీ 1930లో ఖాళీ చేసి వెళ్ళిపోయారు. 1986లో ఆ దీవులు ప్రపంచ వారసత్వ స్థలమయ్యాయి. హెర్రింగ్ చేపలు కోసి ఉప్పులో వేసిన ఆడవాళ్ళకు స్టోర్నవే రేవులో కంచు విగ్రహాలున్నాయి. ఆ వ్యాపారం ఉన్నన్నాళ్ళూ వాళ్ళ దగ్గరా నీచు వాసనే వచ్చి ఉంటుంది. కంచుకు ఆ ఇబ్బంది లేదు. జంగ్లీఘాట్ వాళ్ళు నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు కదా అంటారా? రాస్ దీవి దొరలూ ఓడ దిగినవాళ్ళే, పైగా ఎనభై మూడేళ్ళకే మూట సర్దారు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు; వాళ్ళు ఎక్కడికీ పోలేదు. పర్యాటకులు ఎగబడితే హోటళ్ళు లేచి, పడవలకే చోటు లేకుండా పోతుందన్న అభ్యంతరం మాత్రం గట్టిది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే టిక్కెట్టూ వద్దు, దీపాల కథా వద్దు. రాస్ చూసి తిరిగొచ్చినవాళ్ళు ఒక వంజరం కొని, ఏ ఊరి పులుసు బావుంటుందో ఆ అమ్మే తల్లిని అడిగితే చాలు. ధర తగ్గించమని కూడా అడగొచ్చు, ఒప్పుకుంటుందన్న హామీ నేనివ్వలేను.