ఫోన్ మోగితే లేచే ఉద్యోగం

అమెరికా బేస్‌బాల్‌లో రిలీఫ్ పిచర్ అంటే, ఆట మొదలుపెట్టిన పిచర్ అలసిపోయాకో, చితక్కొట్టించుకున్నాకో మిగిలిన గొడవను నెత్తికెత్తుకునేవాడు. వీరిలో చాలామంది ముందు స్టార్టర్లుగా ప్రయత్నించి, అక్కడ నిలదొక్కుకోలేక ఇటు వచ్చినవారే. గట్టివాడు ఆఖరి ఇన్నింగ్స్ వేసే క్లోజర్ అవుతాడు. మిగతావాళ్లు ఊళ్లు తిరుగుతారు.

ఈ ఉద్యోగంలో ప్రధానమైన పని కూర్చోవడం. మైదానం అంచున ఉండే బుల్‌పెన్‌లో ఏడెనిమిది మంది పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కూర్చుంటారు. అందరికన్నా జూనియర్ చిన్నపిల్లల గులాబీరంగు బడిసంచీలో చిరుతిళ్లు మోసుకురావడం చాలా జట్లలో ఆనవాయితీ. ఫోన్ మోగుతుంది. ఒకడు లేచి, చెయ్యి వేడెక్కేదాకా బంతులు విసురుతాడు. ఇంతలో మేనేజర్ మనసు మారుతుంది. వాడు మళ్లీ కూర్చుంటాడు. మర్నాడూ ఇదే. బంతి గాలిలో ఎన్ని చుట్లు తిరిగిందో కూడా కొలిచే ఈ ఆట, ఈ వృథా బంతుల్ని మాత్రం అధికారిక గణాంకాల్లోకి రానివ్వదు. మోచెయ్యి రానిస్తుంది.

ఆ ఫోన్ గురించి కొంత చెప్పుకోవాలి. 2011 అక్టోబరు 24న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్. ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2. సెయింట్ లూయిస్ మేనేజర్ టోనీ లా రూసా బుల్‌పెన్‌కు ఫోన్ చేసి జెప్‌చిన్‌స్కీనీ, మాట్‌నీ సిద్ధం చేయమన్నారు. జనం హోరులో జెప్‌చిన్‌స్కీ అన్న నోరు తిరగని పేరు క్షేమంగా చేరింది. మాట్ అన్న రెండక్షరాలు దారిలో పడిపోయాయి. మాట్ సిద్ధంగా లేకపోవడంతో ప్రత్యర్థి బ్యాటర్ మైక్ నాపోలీకి జెప్‌చిన్‌స్కీయే బంతి వేయాల్సి వచ్చింది. నాపోలీ కొట్టిన దెబ్బకు రెండు పరుగులొచ్చాయి. లా రూసా మళ్లీ ఫోన్ చేసి మళ్లీ మాట్‌నే అడిగారు. అవతల ఈసారి లిన్ అని వినపడింది. ఆ రాత్రి విశ్రాంతి ఇవ్వాలనుకున్న లాన్స్ లిన్ అంత మైదానమూ దాటి వచ్చి ఎదురుగా నిలబడ్డాక గానీ సంగతి బయటపడలేదు. ఒక బ్యాటర్‌ను కావాలని నడిపించి పంపే పని లిన్ చేత చేయించి, వెనక్కి పంపి, చివరికి మాట్‌ను రప్పించారు. సెయింట్ లూయిస్ 4-2తో ఓడింది.

ఆ ఓటమి ఎవరి ఖాతాలో పడిందన్నది అసలు విశేషం. ఫోన్‌కు స్కోరు పుస్తకంలో గడి లేదు. పరుగు తీసిన ఆ ఇద్దర్నీ బేస్ ఎక్కించినవాడు అంతకుముందు బంతులు వేసి వెళ్లిన ఆక్టేవియో డోటెల్ కాబట్టి ఆయన ఖాతాలో వేశారు. పెళ్లి భోజనాల్లో పప్పు అడుగంటితే ఆఖరి బంతికి వడ్డించేవాడు మాట పడతాడు. ఇక్కడ వడ్డించి ఇంటికి పోయినవాడికి పడింది. నియమం ప్రకారం అది సబబే. అందుకే మరీ ఒళ్లు మండుతుంది.

ఇక ఊరి మార్పు. 40 మంది జాబితా నుంచి తప్పించిన ఆటగాణ్ని జట్టు ఏడు రోజుల్లోగా మరో జట్టుకు ఇచ్చేయాలి, వదులుకోవాలి, లేదా ఎవరూ తీసుకోకపోతే మైనర్ లీగ్‌కు పంపాలి. ఆ వారం రోజులూ వాడు ఏ ఊరివాడో వాడికే తెలియదు. జాలిపడేముందు జీతం చూసుకోవాలి: 2025లో కనీసం 7,60,000 డాలర్లు. పెద్ద లీగ్‌లో ఉన్న రోజులకే ఆ లెక్క అన్నది వేరే మాట.

డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన డోటెల్ 1999 నుంచి 2013 వరకు 758 మ్యాచ్‌లు ఆడారు. ఒక్క 2010లోనే పిట్స్‌బర్గ్, లాస్ ఏంజెలిస్, కొలరాడో మారారు. 2012లో డెట్రాయిట్ ఆయన 13వ జట్టు, అప్పటికి అది రికార్డు. 2025 ఏప్రిల్ 8న శాంటో డొమింగోలో ఒక నైట్‌క్లబ్ పైకప్పు కూలి చనిపోయినవారిలో ఆయన ఒకరు. వయసు 51. పదమూడు జట్ల చొక్కాలు తొడిగిన మనిషిని పూర్తిగా మావాడే అనుకున్న ఊరు అమెరికాలో ఒక్కటీ ఉన్నట్టు లేదు.

ఆ రికార్డును ఎడ్విన్ జాక్సన్ 2019లో టొరంటోలో 14వ జట్టుతో దాటారు. 2011 జులైలో ఒకే బేరంలో డోటెల్‌తో కలిసి సెయింట్ లూయిస్ చేరింది ఈయనే. ఆ రోజు పొద్దున షికాగో వాడు, మధ్యలో కాసేపు టొరంటో వాడు. 2025లో 45 ఏళ్ల రిచ్ హిల్ కాన్సస్ సిటీలో చేరి జాక్సన్‌ను సమం చేశారు. రెండు మ్యాచ్‌ల తర్వాత ఆయన్నూ జాబితా నుంచి తప్పించారు.