స్టెనో వేళ్లు చల్లగా ఉండాలంటే

కోర్టులో కొత్తగా స్టెనోగా చేరిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, ఇరవై రెండేళ్ల సర్వీసులో నేర్చుకున్నదంతా దాచుకోకుండా చెబుతున్నాను. పొద్దున పదిన్నరకి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు, మనం రాస్తూనే ఉండాలి. మెడ పట్టేస్తుంది, వేళ్లు వాస్తాయి. కేసులు వస్తుంటాయి, పోతుంటాయి. వేళ్లు పోతే మళ్లీ రావు. వాటిని కాపాడుకునే దారి ఇది.

1. స్పీడు పెంచుకోకండి. షార్ట్‌హ్యాండ్ లోయర్‌కి నిమిషానికి 80 మాటలు, హయ్యర్‌కి 120. సర్టిఫికెట్ చేతికందిన రోజే సాధన పుస్తకాన్ని అటకెక్కించండి. 120 నిలబెట్టుకున్నవాడికి డిక్టేషన్ కూడా ఆ వేగంతోనే వచ్చి పడుతుంది. 60కి దిగండి, జడ్జిగారే ఆగి ఆగి చెబుతారు.

2. పెన్సిల్ చెక్కకండి. పిట్‌మన్ పద్ధతిలో ‘పీ’కి సన్నగీత, ‘బీ’కి అదే గీత లావుగా. పక్కన అచ్చులకి చుక్కలు, అవి మళ్లీ సన్నవీ లావువీ. ఎంత శ్రమ! మొద్దు పెన్సిలైతే అన్నీ ఒకే లావున పడతాయి. చుక్కలు పూర్తిగా మానేయండి. అప్పుడు ‘పెయిడ్’, ‘బెడ్’ ఒక్కలాగే కనిపిస్తాయి. ప్రోనోటు దావాలో మంచం ఎందుకొచ్చిందని బుర్ర బద్దలు కొట్టుకోకండి, ఆ వాక్యమే తీసేయండి. బాకీ తీర్చానన్న మాట పోతుంది. పేజీ మాత్రం ముత్యంలా ఉంటుంది.

3. సాక్షి మాట వినకండి. సాక్షి తెలుగులో చెబుతుంది, జడ్జిగారు దాన్ని ఇంగ్లిషులోకి మార్చి మనకు చెబుతారు. ఆ రెంటి మధ్య దొరికే అర నిమిషం మనకు దేవుడిచ్చిన విరామం. కళ్లు మూసుకోండి. పొరపాటున విన్నారో, చిక్కుల్లో పడతారు. ‘దీపాలు పెట్టే వేళకి చూశానండీ’ అంటుంది ఆమె. ‘ఎట్ నైట్’ అని వస్తుంది డిక్టేషన్‌లో. మొహం కనపడే వెలుతురు అప్పటికింకా ఉందా లేదా అన్నదే ఆ కేసంతా కావచ్చు. మీరు విన్నారు గనక లేచి ‘సార్, ఒక్క మాట’ అనాలి. వినకపోతే లేవక్కర్లేదు.

4. పాత ఫైళ్లు చెరపకండి. క్రాస్‌లో లాయర్లు అడిగేది ఎప్పుడూ ఒకటే, సాక్షులు చెప్పేదీ ఒకటే: ‘నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు.’ పోయినేడాది కేసులో పంచనామా సాక్షి వాంగ్మూలం తెరిచి, పేరూ తేదీ మార్చి అతికించేయండి. పాత ఊరి పేరు ఎక్కడైనా మిగిలిపోయి పట్టుబడితే సాకులు ఈ వరుసలో వాడండి: ముందు కరెంటు, తర్వాత ప్రింటరు, చివరికి ఫాంటు మారి అక్షరాలు చెదిరాయని. మూడోది దాటి అడిగినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

5. చివరి వాక్యం ముందే టైపు చేసి పెట్టుకోండి. నా సర్వీసులో నాకు బాగా ఇష్టమైన కిటుకు ఇది. సాక్ష్యం పూర్తయ్యాక ముద్దాయి ఎదుటో అతని వకీలు ఎదుటో సాక్షికి చదివి వినిపించాలి, తప్పులుంటే దిద్దాలి. పాత సీఆర్‌పీసీలో 278, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 313వ సెక్షన్ చెప్పేది అదే. ఆరు పేజీలు ఎవరు చదువుతారు? పొద్దున్నే ఖాళీ కాగితం అడుగున ‘చదివి వినిపించగా సరిగా ఉందని ఒప్పుకున్నారు’ అని కొట్టేయండి. ఆ పైన ఏం రాసినా ఆ ఒక్క వాక్యం కాపాడుతుంది. సాక్షి బోనులోంచి దిగగానే ‘బస్సు టైమైందేమో కదమ్మా?’ అని ఆప్యాయంగా అడగండి. ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుని సంచీ వెతుక్కుంటుంది. ఆ హడావుడిలో స్టాంప్ ప్యాడ్ ముందుకు జరపండి. బొటనవేలు తానే వచ్చి పడుతుంది. వేలు తుడుచుకోవడానికి చిత్తు కాగితం ముక్క ఇవ్వడం మరచిపోకండి, మర్యాదగా ఉంటుంది.

6. తీర్పు చదవకముందే మనకు తెలుస్తుంది. వకీలు గుమాస్తా వరండాలో ఎదురైతే కళ్లతో చిన్న సైగ చాలు. పెసరట్టు ఉప్మాతో వస్తుంది.

7. షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు దాచకండి. రాసిందీ టైపు చేసిందీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదు. మరమరాల బండివాడికి ఇచ్చేయండి, పొట్లాలకు పనికొస్తాయి.

ఇవన్నీ పాటిస్తే ఫలితం ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. ఒక కొట్లాట కేసులో ముసలమ్మ వాంగ్మూలంలో ఒక్క ‘నాట్’ జారిపోయింది. చూడలేదన్నది చూశానైంది. ముద్దాయికి శిక్ష పడింది. అప్పీల్లో పై కోర్టువారు ఆ వాక్యానికీ కింది వాక్యానికీ పొంతన లేదని, మళ్లీ విచారించమని కేసు తిరిగి మా కోర్టుకే పంపారు. ఆరేళ్ల తర్వాత అదే ముసలమ్మ బోనెక్కింది. ముద్దాయిని జైలు నుంచి తీసుకొచ్చి నిలబెట్టారు. ఆవిడ అతని వంక చాలాసేపు చూసి, ‘ఎన్నేళ్లయిందో నాయనా, ఏం గుర్తు లేదు’ అంది. ఆ వేళ నేను టైపు చేసింది ఒకే ఒక్క లైను. పదకొండుకల్లా క్యాంటీన్లో టీ తాగుతున్నాను.