పాముబాబు

గుంటూరులో పాముబాబును పోల్చుకోవడం తేలిక. మిర్చి యార్డులో కమిషన్ కొట్టున్న ఇంట రెండోవాడై ఉంటాడు. కాటాలు, టిక్కీల లెక్కలు, రైతుల బాకీలు పెద్దవాడు చూసుకుంటాడు గనక వీడికి తీరిక ఎక్కువ. కుక్కను పెంచుదామంటే వీధిలో అందరికీ ఉంది. రామచిలకను పంజరంలో పెడితే కేసవుతుందని ఎవరో భయపెట్టారు. అక్వేరియం చేపలు మొన్నటి వేసవిలో కరెంటు కోతకు తేలిపోయాయి. ఇంతలో ఒక తెల్లవారుజామున బెంగళూరు బస్సు దిగి, చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా చంకన పెట్టుకుని ఇంట్లోకి వస్తాడు.

“ఏంది నాయనా అందులో?” అంటుంది తల్లి.

“మైసూర్‌పాకు కాదులే అమ్మా.”

అందులో ఉన్నది బాల్ పైథాన్. ఘనా, టోగో, బెనిన్ లాంటి ఆఫ్రికా దేశాల పాము. విషం లేదు. పెద్దదైతే మూడడుగుల నుంచి ఐదడుగుల దాకా ఉంటుంది. పాముబాబు మాత్రం దాన్ని ‘కొండచిలువ’ అనే పరిచయం చేస్తాడు. అబద్ధమేమీ కాదు, ఆ కుటుంబమే. కానీ ఆ మాట వినగానే అవతలివాడికి నల్లమలలో మేకను మింగి అడ్డంగా పడుకున్న మహాకాయం గుర్తొస్తుంది. డబ్బాలో ఉన్నదేమో భయమేస్తే తల లోపల దాచుకుని ఉండచుట్టుకునే పిరికిప్రాణి. బాల్ పైథాన్ అన్న పేరు ఆ ఉండ వల్లే వచ్చింది.

కొత్తగా తెచ్చిన పాము గురించి తెలిసినవాళ్ళు చెప్పే మొదటి మాట ఒకటే: వారం దాకా దాని జోలికి పోవద్దు. దూరి పడుకోవడానికి చీకటి గూడు, ఒక గిన్నెలో నీళ్ళు, పెట్టెలో ఒక పక్క వెచ్చన, ఒక పక్క చల్లన ఉంటే చాలు. కొత్తచోటి వాసనలన్నీ నాలుకతో పట్టుకుని, ఇక్కడ తనను తినేవాడెవడూ లేడని అది తేల్చుకోవాలి. ఇందులో మనం చేయాల్సింది ఊరుకోవడం. ప్రపంచంలో పాముబాబుకు చేతకాని పని అదొక్కటే.

సాయంత్రానికి అరండల్‌పేట స్నేహితులు, బ్రాడీపేట స్నేహితులు దిగుతారు. పాము చేతులు మారుతుంది. ఒకడు మెడలో వేసుకుంటాడు, ఇంకొకడు తలపాగా చుట్టుకుంటాడు. వెనక సినిమా హీరో సంగీతం పెట్టి రీలు తీస్తారు. అది ఉండచుట్టుకోగానే “చూశార్రా, నా చేతిలో ఎంత హాయిగా పడుకుందో!” అంటాడు పాముబాబు. ఆ ఉండ సంగతి పైన చెప్పాను. వాడు చదవడు గనక మీరైనా గుర్తుంచుకోండి.

ఆ తర్వాత పాము తినడం మానేస్తుంది. ఉపవాసంలో బాల్ పైథాన్‌ది, చేతులు లేకపోయినా, అందెవేసిన చెయ్యి. ఒళ్ళున్న పెద్ద పాము నెలల తరబడి ముద్ద ముట్టకపోయినా దానికేమీ కాదు, కంగారంతా ఇంటిదే. అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడి చుట్టూ అత్తవారిల్లు తిరిగినట్టు అందరూ ఆ గాజుపెట్టె చుట్టూ తిరుగుతుంటారు. అల్లుడైతే బండి కొనిస్తే దిగుతాడు. ఇది ఏం కావాలో నోరు తెరిచి చెప్పదు, నోరు తెరిచిందంటే అందరూ మంచాలెక్కుతారు.

ఎలుకల్లో ఎన్ని తరగతులున్నాయో ఆ తల్లికి తెలిసింది ఈ దశలోనే. వెంట్రుక రాని పసికూన పింకీ, నూగు వచ్చింది ఫజ్జీ. పాము ఒంట్లో లావుపాటి చోటు ఎంత ఉందో ఎలుకా ఇంచుమించు అంతే ఉండాలి. ఒకరోజు కొడుకు ఫోనులో “పింకీ వద్దు భయ్యా, మరీ సన్నం. కాస్త ఒళ్ళున్నది చూడు” అంటుంటే ఆవిడ చెవినబడింది. సంబంధాలు చూసుకుంటున్నాడని పొంగిపోయి, ఆ అమ్మాయిది ఏ ఊరు, ఎవరి తాలూకని ఆరా తీసింది. పార్సిల్ విప్పాక మూడురోజులు భర్తతోనూ మాట్లాడలేదు, వాడితోనూ మాట్లాడలేదు.

పార్సిల్‌లో వచ్చేవి గడ్డకట్టిన ఎలుకలు. డీప్‌ఫ్రీజర్‌లో బఠాణీల ప్యాకెట్ వెనక కాపురం పెడతాయి. “గుంటూరు చుట్టూ వందకు పైగా కోల్డ్ స్టోరేజీలుండాయి గదరా, నా ఐస్‌క్రీం పక్కనే పెట్టాలా?” అని తండ్రి మొత్తుకుంటాడు. తినిపించే రోజు ఎలుకను వేడినీళ్ళలో ఉంచి, ఒళ్ళు వెచ్చబడ్డాక పెట్టాలి. ఈ పాము పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, చల్లటి ఎలుక దాని లెక్కలో ఎలుకే కాదు. ఆ గుంటలకు పాముబాబు వేలు కూడా వెచ్చగానే తగులుతుంది కాబట్టి పట్టకారుతో అందించాలి. ఇంట్లో పట్టకారు ఒక్కటే, పుల్కాలది. ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో పుల్కాలు లేవు.

ఎంతకీ తినకపోతే పాముబాబుకు పౌరుషం వస్తుంది. గోదాములో బోనుకు పడ్డ ఎలుకను ప్రాణంతోనే పెట్టెలోకి వదులుతాడు. చేయకూడనిది ఇదే. గోదాము ఎలుక ఏ మందు తినివచ్చిందో తెలియదు, పైగా మూలకు చిక్కిన ఎలుక కరుస్తుంది. తెల్లారేసరికి పాము గూట్లో నక్కి ఉంది, వీపు మీద పళ్ళగాట్లున్నాయి, ఎలుక నీళ్ళగిన్నె అంచున కూర్చుని మీసాలు దువ్వుకుంటోంది. పామును ఎలుక కరిచిందని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళితే, గేదెలకు సూదులేస్తున్న ఆయన పక్కకు తిరిగి, “ఎవరిని ఏది కరిచింది?” అని రెండుసార్లు అడిగాడు.

తిన్న తర్వాతా నియమం ఉంది. కనీసం రెండురోజులు ఎత్తకూడదు, ఎత్తితే కక్కేస్తుంది. సరిగ్గా ఆ రెండురోజుల్లోనే నరసరావుపేట నుంచి బాబాయి వస్తాడు. “బాబాయ్, పట్టుకుని చూడు, ఏమీ చేయదు” అంటూ ఒళ్ళో పెడతాడు పాముబాబు. అది నిజంగానే ఏమీ చేయలేదు, లోపలున్నది బయట పెట్టిందంతే. బాబాయి ఆ పంచెను మళ్ళీ కట్టలేదు.

ఏసీ సంగతి వేరే చెప్పాలి. పెట్టెలో వెచ్చటి పక్కన ముప్పై మూడు డిగ్రీలు మించకూడదు. ఆఫ్రికా పాముకు వేడి కల్పించాలని పుస్తకాలన్నీ రాస్తాయిగానీ వాటిని రాసినవాళ్ళు రోహిణీ కార్తెలో గుంటూరు చూసుండరు. ఇంట్లో మంచి ఏసీ పాము గదికి పోయింది. యార్డులో పగలంతా మిరప ఘాటుకు తుమ్మి వచ్చిన పెద్దాయన, స్నానం చేసి చొక్కా మార్చుకుంటేగానీ ఆ గది గడప తొక్కడానికి వీల్లేదు.

కార్తీకంలో నాగుల చవితినాడు తల్లి పుట్టకు పాలు, చలిమిడి, చిమ్మిలి తీసుకెళుతుంటే పాముబాబు గుమ్మంలో నిలబడి, పాములు పాలు తాగవని ఉపన్యాసమిస్తాడు. శాస్త్రం వాడి పక్షమే. కానీ ఆవిడ జవాబు ముందు శాస్త్రం నిలవలేదు: “నేను ఏడాదికొకసారి దణ్ణం పెట్టుకుని దూరంగా వస్తన్నా. ఆయన్ని ఎత్తుకుని ఫోటోలు దిగటంలా.”

చట్టం మాటెత్తితే పాముబాబు వెంటనే క్రికెట్ మాట్లాడతాడు. నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, మన కొండచిలువ – వీటిలో దేన్ని పట్టి ఇంట్లో పెట్టుకున్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. లక్షలొస్తాయని మోసగాళ్ళు అంటగట్టే రెండు తలల పాము కూడా అంతే. దానికున్నది ఒక తల, ఒక మొద్దుతోక. బాల్ పైథాన్ లాంటి విదేశీ జీవులకు 2022 సవరణ తర్వాత 2024లో నియమాలొచ్చాయి. పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. నమోదు కాగితం ఉందా అని అడిగి చూడండి, వాడు స్కోరు చెబుతాడు.

పర్చూరు వైపు నల్లరేగడిలో ఉండే వాళ్ళ తాతకు ఈ సంబరం అర్థం కాదు. పత్తికట్టె మోపు కింద, మిరప కల్లంలో పట్టాల కింద జెర్రిపోతు కనబడితే ఆయన కర్ర పక్కనబెట్టి, “ఎలకల్ని తింటది, దాని దారిన దాన్ని పోనీండి” అంటాడు. పొలాల్లో కుండతో పొగబెట్టి ఎలుకలు పట్టే యానాదులూ, ఏ బొక్కలో ఏముందో తెలిసినా, అక్కర్లేనిదాన్ని ముట్టుకోరు. చెన్నై దగ్గర ఇరులర్ గిరిజనుల సహకార సంఘం 1978 నుంచి విషసర్పాలను పట్టి, కొన్ని వారాలు ఉంచుకుని, మందుకు విషం తీసి మళ్ళీ అడవిలో వదులుతోంది. పాములతో బతికేవాళ్ళలో మెడలో వేసుకుని తిరిగేవాళ్ళు తక్కువ.

మెడలో వేసుకునే రకం పాముబాబుకు పెద్దన్న. వాడి దగ్గర నవ్వడానికేమీ లేదు. 2023 జనవరిలో కందుకూరులో పాములవాడి నాగుపామును ఫోటో కోసం మెడలో వేసుకున్న యువకుడు కాటుకు ప్రాణం పోగొట్టుకున్నాడు. కోరలు పీకేసిన పామేలే అన్న ధైర్యం చెల్లదు, పీకిన కోరలు మళ్ళీ వస్తాయి.

ఆడపిల్లలున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. గుంటూరు సంబంధం వస్తే కొట్టు, పొలం, అబ్బాయి చదువు అడుగుతారు, అడగండి. ఆ తర్వాత వాళ్ళ డీప్‌ఫ్రీజర్ ఒకసారి తెరిపించి చూడండి. బాల్ పైథాన్ బాగా చూసుకుంటే ఇరవై నుంచి ముప్పై ఏళ్ళు బతుకుతుంది.