వెల్డింగు పద్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక: ఇంటికి గేటు తానే చేయ సంకల్పించి, హోల్డరు చేతబట్టి, ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలియక నిలిచిన శిష్యునికి షాపు మేస్త్రి ఉపదేశించుచున్నాడు.

ఆ.వె.
తుప్పు గీకి యెర్తు తొడిగి యద్దముఁ బెట్టి
రాడు వాల్చి గీసి రవ్వ రేపి
మొదటఁ జుక్క వేసి మూలమట్టముఁ జూచి
యతుకు వేసినపుడె యతుకు నిలుచు.

టీక: తుప్పు గీకి = తుప్పు, రంగు, జిడ్డు పోయి ఇనుము మెరియుదాక గ్రైండరు పట్టి; ఎర్తు తొడిగి = ఎర్త్ క్లాంపును రంగు మీద గాక శుభ్రమైన ఇనుముకే బిగించి; అద్దముఁ బెట్టి = 10 లేక 11 నంబరు నల్లద్దమున్న హెల్మెట్ ధరించి; రాడు వాల్చి = రాడ్డు పైకొస సాగు దిక్కునకు కొంచెము ఒరుగునట్లు పట్టి; గీసి = అగ్గిపుల్లవలె గీసి; రవ్వ రేపి = ఆర్కు పుట్టించి; మొదటఁ జుక్క వేసి = అక్కడక్కడ ట్యాకులు వేసి; మూలమట్టముఁ జూచి = మూలలు 90 డిగ్రీలు ఉన్నవని రూఢి చేసికొని; అతుకు వేసినపుడె = పూర్తి వెల్డింగు చేసినప్పుడే; అతుకు నిలుచు = గేటు చేతికి ఊడిరాదు.

తాత్పర్యము: ఎనిమిది పనులు ముగిసిన పిదపనే అసలు అతుకు. శిష్యులు దానితోనే ఆరంభింతురు.

విశేషములు: ‘అద్దము’ అనుచోట మతభేదములు కలవు. కన్ను మూసికొని వేయవచ్చునని ఒక మతము. మూసిన కంటికి అతుకు కనబడదు గనుక అది త్యాజ్యము. చలువ కళ్లద్దములు చాలునని మరియొక మతము. ఆ మతస్థులు అర్ధరాత్రి కంటి మంటతో లేచి కూర్చుందురు. అతినీలలోహిత కిరణముల ఫలము కొన్ని గంటలకుగాని తెలియదు.

‘రవ్వ రేపి’: రాడ్డు కొసకును ఇనుముకును నడుమ ఎడము రాడ్డు మందమంతయే ఉండవలెను. 3.15 మి.మీ. 6013 రాడ్డుకు సుమారు 90–130 ఆంపియర్లు. తగ్గినచో రాడ్డు అంటుకొనిపోవును; పెరిగినచో పలుచని పైపుకు చిల్లు పడును.

‘చుక్క’: చల్లారు అతుకు ముడుచుకొని ఇనుమును తనవైపు లాగును. ట్యాకులు లేని చట్రము వంకర పోవుట అందుచేతనే.

గణములు చాలక కవి విడిచినవి రెండు. స్లాగును సుత్తితో రాల్చి, బ్రష్షు పట్టి గాని రెండవ వరుస వేయరాదు. రాల్చునప్పుడును కంటికి తెల్లద్దము ఉండవలెను. జీఐ పైపు ఐనచో అతుకు చోట జింకు పూతను ముందే తీసివేసి, గాలి ఆడుచోట పని చేయవలెను; ఆ తెల్లని పొగ పీల్చినచో చలిజ్వరము రావచ్చును.

అలంకారము: స్వభావోక్తి.

ఫలశ్రుతి: ఈ పద్యము కంఠస్థము చేసినవానికి వెల్డింగు రాదు. స్క్రాపు ముక్కల మీద ఒక ప్యాకెట్టు రాడ్లు కాల్చినవానికి కొంత వచ్చును. అంతవరకు, నాయనా, గేటు జోలికి పోకుము.